గేటుకి కొట్టిన రంగు కారు మీద పడిందా? ముందు ఆ టిన్నర్ డబ్బా పక్కన పెట్టండి

పోయిన దసరాకి ముందు మా రాయగడ ఇంటి గేటుకి నల్ల ఎనామిల్ స్ప్రే కొట్టించాం. కారు గేటుకి ఓ ఇరవై అడుగుల అవతల వేపచెట్టు కింద ఉంది. "కారు తీసేయమంటావా?" అని అడిగితే రంగుల మేస్త్రీ గన్ను దులుపుకుంటూ "కిచ్ఛి హెబొని" అన్నాడు, అంటే ఏం కాదు అని. మా ఊళ్లో ఆ మాట ఒడియాలో చెప్పినా తెలుగులో చెప్పినా అర్థం ఒకటే, ఏదో అవ్వబోతోందని. సాయంత్రం బానెట్ మీద చెయ్యి వేస్తే ఉప్పుకాగితం మీద వేసినట్టుంది. వెండి రంగు కారు, దాని నిండా సన్నటి నల్ల చుక్కలు, దూరం నుంచి చూస్తే మసి పట్టినట్టు కనిపిస్తోంది. పండక్కి జయపురం నుంచి వచ్చి మా వెనకే ఆపిన బావగారి తెల్ల కారుదీ అదే పరిస్థితి.

రెండు ఆదివారాలు పీక్కున్నాను, ఒక డోరు పాడుచేశాను (నాది కాదు, బావగారిది, ఆ కథ కిందొస్తుంది), మొత్తానికి వదిలించాను. తుంపర వల్ల కారుకి పోయింది పెద్దగా ఏం లేదు, పోయిందంతా నా తొందర వల్లే. అందుకే ఇదంతా రాస్తున్నాను, మీకూ ఇలా జరిగితే కాస్త వరస తెలిసి మొదలుపెడతారని.

అసలు జరిగేదేంటంటే, గన్నులోంచి వచ్చిన రంగంతా గేటుకి అంటుకోదు, కొంత పొగలాగా గాల్లోకి పోతుంది. అందులో మా గేటు ఊచల గేటు, గోడలా అడ్డుండదు కాబట్టి ఊచల మధ్యనుంచి సగం రంగు ఇవతలికే వచ్చి ఉంటుంది. ఆ సన్న చుక్కలు గాల్లో వెళ్తూ వెళ్తూనే కొంచెం ఆరిపోతాయి, సగం ఆరి సగం తడిగా వచ్చి కారు మీద వాలతాయి. అలా వాలిన చుక్క కారు రంగులో కలిసిపోదు, పైన అతుక్కుని కూర్చుంటుంది, అంతే. మనకున్న మంచి వార్త అదొక్కటే. పైన కూర్చున్నదాన్ని కోసి లేపేయాలి, కింద ఉన్నదాన్ని కదపకూడదు, పనంతా ఇదే.

ముందు అది నిజంగా రంగేనా అని చూసుకోండి. కారు కడిగి, పల్చటి పాలిథిన్ కవరు ఒకటి చేతికి తొడుక్కుని బానెట్ మీద మెల్లగా రాయండి. వట్టి చేతికి తెలియని గరుకు కూడా కవరులోంచి ఇసకలా తగులుతుంది, ఎందుకలా అని నన్నడగొద్దు గానీ తగులుతుంది. గరుకంతా రంగే అని కూడా అనుకోవద్దు. మా ఊళ్లో స్టేషన్ వైపు రోజూ కారు ఆపేవాళ్లకి రైలు పట్టాల నుంచి లేచే ఇనప రజను పడుతుంది, అది తుప్పు పట్టి నారింజ రంగు చుక్కలవుతుంది, దానికి ఐరన్ రిమూవర్ అని వేరే మందు ఉంది, కొడితే ఊదా రంగుకి తిరిగి కారిపోతుంది. చెట్టు జిగురైతే గుండ్రంగా, మెరుస్తూ, పెద్ద బొట్లుగా ఉంటుంది. మనం చెప్పుకునేది అన్నీ ఒకే రంగులో, ఒకే సైజులో, ఒక పక్కే ఎక్కువగా పడ్డ చుక్కల గురించి.

తర్వాత తెలుసుకోవాల్సింది ఏ రంగు పడింది అని. మేస్త్రీని అడిగితే "మంచి కంపెనీది సార్" అంటాడు, కాబట్టి డబ్బా చూడండి. గోడలకి కొట్టే ఎమల్షన్ అయితే అది నీళ్లతో కలిపేది, అన్నిట్లోకి తేలిక. గేట్లకీ గ్రిల్స్‌కీ కొట్టే సింథటిక్ ఎనామిల్ ఆయిల్ రంగు, ముట్టుకుంటే అంటుకోకపోవడానికి కొన్ని గంటలు పడుతుంది గానీ లోపలంతా గట్టిపడడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది, ఆ లోపు పట్టుకుంటే సుఖం. ఊపి కొట్టే చిన్న స్ప్రే డబ్బాల రంగు చాలా త్వరగా ఆరిపోతుంది, దాంట్లో చాలా భాగం కారు మీదికి వచ్చేసరికే పొడిగా మారిపోయి ఉంటుంది. డబ్బా పక్కన హార్డెనర్ అని ఇంకో చిన్న డబ్బా కనిపిస్తే మాత్రం అది పీయూ, అంటే పాలీయురెథేన్ రంగు, రెండూ కలిపాక రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది, ఆరాక మామూలు ద్రావకాలకి లొంగదు. పక్కింట్లో కార్ల షెడ్డు ఉండి అక్కణ్ణుంచి పడితే ఎక్కువగా ఇదే.

ఇంకొకటుంది, నేను మరిచిపోయింది ఇదే. కింద ఉన్న రంగు ఏది? ఫ్యాక్టరీలో వేసిన రంగుని ఓవెన్‌లో పెట్టి సుమారు 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు, పైన క్లియర్ కోట్ అని పారదర్శకమైన పొర ఉంటుంది, మెత్తటి ద్రావకం కాసేపు తగిలినా అది తట్టుకుంటుంది. ఊళ్లో డెంటింగ్ పెయింటింగ్ షెడ్డులో వేయించిన రంగుకి ఆ భోగం ఉండదు. చౌకగా నైట్రోసెల్యులోజ్, అంటే ఎన్‌సీ రంగు వేసి ఉంటే, టిన్నర్ తగిలిన ప్రతిసారీ మళ్లీ కరుగుతుంది, ఎన్నేళ్లయినా సరే.

బావగారి కారు వెనక ఎడమ డోరుకి రెండేళ్ల కింద ఏదో స్కూటర్ రాసుకుంటే ఒక షెడ్డులో రంగు వేయించారు. ఆ సంగతి ఆయనకి గుర్తులేదు, నాకు తెలియదు. నా కారు మీద ఒక మూల టిన్నర్ రాస్తే చుక్కలు టక్కున పోయాయి, దాంతో గొప్ప రహస్యం కనిపెట్టినట్టు అదే గుడ్డ తీసుకెళ్లి ఆయన డోరు మీద రుద్దాను. గుడ్డకి తెల్లగా వస్తోంది. మురికి బాగా వదులుతోంది అనుకున్నాను. తెల్ల కారులోంచి తెల్ల మురికి ఎందుకొస్తుందని ఆ నిమిషంలో తట్టలేదు. తట్టేసరికి అరచెయ్యంత మేర ప్రైమర్ బయటపడింది. ఆయన చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి కాసేపు చూసి, "ఏమయ్యా బామ్మర్దీ, గేటుకి రంగు వేయిస్తున్నావా, కార్లకి తీయిస్తున్నావా?" అన్నారు. పండగ మూడు రోజులూ అదే జోకు, వచ్చిన చుట్టాలందరికీ.

కాబట్టి ఏ మందైనా ముందు కనపడని చోట చూడండి. పెట్రోలు మూత లోపలి వైపు, లేదా డోరు అడుగు అంచు. తెల్ల బనియన్ గుడ్డకి కొంచెం అద్ది రాయండి, కారు రంగు గుడ్డకి దిగితే అక్కడితో ఆపేయండి, ఆ ప్యానెల్ మీద క్లియర్ కోట్ లేదు, లేదా అది షెడ్డు రంగు. తిరిగి రంగు వేసిన ప్యానెల్‌ని గుర్తుపట్టడానికి ఇంకో దారి, రబ్బరు బీడింగ్ అంచుల్ని చూడండి, అక్కడ రంగు అంటి ఉంటుంది. లేకపోతే సాయంత్రం ఏటవాలు ఎండలో పక్క ప్యానెల్‌తో పోల్చండి, ఎంత మంచి మేస్త్రీ అయినా ఆ వెలుతురులో దొరికిపోతాడు.

వంటింటి పీచు, స్క్రబ్బర్, బ్లేడు, నెయిల్ పాలిష్ రిమూవర్, పెట్రోలు, ఇవేవీ రంగు మీదికి రానివ్వకండి. పెయింట్ షాపుకి వెళ్లి ఊరికే "టిన్నర్ ఇవ్వు" అంటే చాలాసార్లు ఎన్‌సీ టిన్నరే చేతిలో పెడతారు, నాకు అదే ఇచ్చారు, నేను అదే తెచ్చుకున్నాను. దాంట్లో టొలుయీన్ లాంటి బలమైన ద్రావకాలుంటాయి. మీ కారు పూర్తిగా ఫ్యాక్టరీ రంగే అని నమ్మకం ఉన్నా అది వద్దు, ఎక్కువసేపు నిలిస్తే క్లియర్ కోట్ కూడా మెత్తబడి మెరుపు పోతుంది. పొడి గుడ్డతో తుడవడం కూడా వద్దు, ఎంత చిన్నదిగా కనిపించినా చుక్క గట్టిదే, దాన్ని లాగితే గీత పడుతుంది.

ఇక పని. నీడలో, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి, మా వైపు ఎండాకాలంలో అయితే పొద్దున్నే తొమ్మిదిలోపు లేదా సాయంత్రం ఐదు దాటాక. రెండు బకెట్లు, ఒకదాంట్లో కార్ షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో మామూలు నీళ్లు. గుడ్డ మామూలు నీళ్లలో జాడించాకే మళ్లీ షాంపూలో ముంచాలి. పైనుంచి కిందికి కడగండి. పడింది ఎమల్షన్ అయి, పడి కొన్ని గంటలే అయితే చాలావరకు ఈ కడుగుడులోనే పోతుంది, మిగతాది చదవక్కర్లేదు. అందుకే గోడలకి రంగు వేస్తుంటే కారు మీద పడిందని తెలిసిన మరు నిమిషం పైపు పెట్టి కడిగేయండి, రేపు చూద్దాం అనుకోవద్దు.

కడిగాక మెత్తటి మందు. ఎమల్షన్ ఆరిపోయి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మొబైల్ రిపేర్ షాపుల వాళ్లు వాడేది, వాళ్లని అడిగితే ఎక్కడ దొరుకుతుందో చెప్తారు. సగానికి సగం నీళ్లు కలిపి, మైక్రోఫైబర్ గుడ్డకి అద్ది, చుక్కల మీద అరనిమిషం ఆనించి ఉంచి మెల్లగా తుడవండి. రుద్దడం కాదు, నానబెట్టడం. ఎనామిల్ అయితే మినరల్ టర్పెంటైన్, అంటే ఎనామిల్‌లో కలిపేదే, పెయింట్ షాపులో "ఎనామిల్‌లో కలిపే టర్పెంటైన్" అని ప్రత్యేకంగా అడగండి, లేకపోతే కార్ల కోసం అమ్మే తారు మరకల రిమూవర్. పడి ఒకటి రెండు రోజులే అయితే ఇది బాగా పనిచేస్తుంది. ఒక్కో చోట రెండు అడుగుల మేర మాత్రమే, అది అవ్వగానే షాంపూ నీళ్లతో కడిగి తర్వాతి చోటికి వెళ్లండి, కారంతా ఒకేసారి పూసేసి కూర్చోకండి. చేతికి గ్లౌజులు, చుట్టుపక్కల బీడీ, అగరుబత్తి, స్టవ్ ఏవీ ఉండకూడదు, మూసిన గ్యారేజీలో అయితే తలుపు తెరిచి పెట్టండి.

నా కారుకి దీంతో ఓ నాలుగో వంతు పోయింది. మిగతాదంతా క్లే పనే.

క్లే బార్ అంటే పిల్లలు ఆడుకునే మైనం ముద్దలా ఉంటుంది, లోపల చాలా సన్నటి రాపిడి పొడి కలిపి ఉంటుంది. జపాన్‌లో పుట్టింది, తడావో కొడాటే అనే ఆయన పేరు మీద పేటెంట్లున్నాయి. మొదట్లో కార్ల షెడ్డుల్లో ఇలా పడ్డ రంగు తుంపర తీయడానికే వాడేవారు, మెరుపు కోసం వాడడం తర్వాత వచ్చింది. అంటే మన రోగానికి పుట్టిన మందే ఇది. ఫైన్, మీడియం, హెవీ అని రకాలుంటాయి, మీరు ఫైన్‌తో మొదలుపెట్టండి, చాలకపోతే మీడియం, హెవీ జోలికి ఇంట్లో వెళ్లొద్దు. మా ఊళ్లో అడిగితే ఎవరికీ తెలియలేదు, ఒక షాపాయన వినాయకుడి బొమ్మ చేసే బంకమట్టి చూపించాడు పాపం. ఆన్‌లైన్లో తెప్పించుకున్నాను.

వాడే పద్ధతి చెప్తాను, ఇక్కడ తప్పు చేస్తే గీతలే గీతలు. ముద్ద మొత్తం వాడకండి, సగం తుంచి దాచుకోండి, ఎందుకో కిందొస్తుంది. మిగిలిన సగాన్ని అరచేతిలో పిసికి నాలుగు వేళ్ల వెడల్పు బిళ్లలా చేయండి. మా కొండల చలికి డిసెంబరులో అది రాయిలా ఉంటుంది, గోరువెచ్చని నీళ్లలో కాసేపు వేస్తే దారికొస్తుంది. స్ప్రే సీసాలో నీళ్లు పోసి కొన్ని చుక్కలు కార్ షాంపూ వేసి కలపండి, ఇది జారుడు కోసం. రెండడుగుల చదరం మీద ఈ నీళ్లు బాగా కొట్టండి, కారాలి, అంత. క్లే మీద కూడా కొట్టండి. తర్వాత వేళ్ల బరువు తప్ప ఇంకేం బరువు పెట్టకుండా నేరుగా అటూ ఇటూ జరపండి, గుండ్రంగా తిప్పొద్దు. మొదట్లో క్లే పట్టి పట్టి లాగుతుంది, కర్ కర్ మని చప్పుడు కూడా వస్తుంది, అదే చుక్కలు తెగుతున్న చప్పుడు. పది పదిహేను సార్లు జరిపేసరికి చప్పుడు ఆగి జర్రున జారుతుంది. అప్పుడు తుడిచి, పాలిథిన్ కవరు తొడుక్కుని చూడండి, నున్నగా ఉంటే పక్క చదరానికి వెళ్లండి. నీళ్లు ఆరిపోతున్నట్టు అనిపిస్తే వెంటనే మళ్లీ కొట్టండి, పొడి మీద క్లే జరిపితే అది కారుకే అంటుకుంటుంది, అది తీయడం ఇంకో తలనొప్పి.

ప్రతి చదరానికీ క్లే తిప్పి చూడండి. నా క్లే పసుపు రంగుది, మొదటి డోరుకే నల్లగా అయిపోయింది. ఆ మురికి వైపుని లోపలికి మడిచి, మళ్లీ పిసికి, శుభ్రమైన వైపు బయటికి తెచ్చుకోవాలి. మడిచినా నల్లగానే వస్తుంటే పారేయండి, పీనాసితనం చేయొద్దు. కింద పడిందా, కడిగి వాడదాం అనుకోకండి, ఒక్క ఇసక రేణువు దిగబడినా తర్వాతి రాతలో గీత పడుతుంది. దాచిన సగం ఇందుకే. నాది రెండుసార్లు పడింది, రెండోసారి కుక్క ఎత్తుకెళ్లబోయింది.

పైకప్పు మరిచిపోకండి, చుక్కలు బాగా పడేది బానెట్, పైకప్పు, డిక్కీ మీదే, నిలువు డోర్ల మీద తక్కువ. చిన్న హ్యాచ్‌బ్యాక్ మొత్తానికి నాకు ఒక ఆదివారం పూర్తిగా, రెండో ఆదివారం మధ్యాహ్నం దాకా పట్టింది, మధ్యలో భోజనానికీ పక్కింటి మాస్టారి సలహాలకీ ఆగుతూ.

ఫైన్ క్లేకి, మీడియం క్లేకి కూడా కదలని చుక్కలుంటే అది గట్టిపడిన పీయూ అయ్యుండొచ్చు, అక్కడ ఆగి మంచి డీటెయిలింగ్ షాపుకి తీసుకెళ్లండి, మా వైపు వాళ్లకి బరంపురం గానీ విశాఖ గానీ. వాళ్లు 2000, 3000 నంబరు వాటర్ పేపర్‌తో తడి మీద రుద్ది, తర్వాత కాంపౌండ్‌తో మెరుపు తెస్తారు. ఇది ఇంట్లో ఎందుకు వద్దంటున్నానంటే, క్లియర్ కోట్ మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు, అంటే నోటుపుస్తకం కాగితం మందంలో సగం. చేతికి తెలియకుండానే అది దాటిపోతారు, దాటాక మళ్లీ రంగు వేయించడం తప్ప దారి లేదు. అక్కడ కూడా వాళ్ల దగ్గర రంగు మందం కొలిచే మీటరు ఉందా అని అడగండి, ఉంటే పని తెలిసినవాళ్లన్నమాట.

క్లే అయ్యాక ఎండలోకి తెచ్చి చూస్తే సన్నటి గీతలో, మసక మరకలో కనిపిస్తాయి, కంగారు పడొద్దు, ముదురు రంగు కార్ల మీద ఇంకా బాగా కనిపిస్తాయి. ఫినిషింగ్ పాలిష్ కొంచెం తీసుకుని ఫోమ్ ప్యాడ్‌తో చేత్తోనే రాస్తే చాలావరకు పోతాయి. మెషీన్ అయితే డ్యూయల్ యాక్షన్ రకం (తిరుగుతూనే అటూ ఇటూ కదిలేది) పరవాలేదు, షెడ్డుల్లో వాడే గిర్రున తిరిగే బఫ్ మెషీన్ కొత్తవాళ్ల చేతిలో ప్రమాదం, ఒకేచోట ఉంచితే వేడెక్కి అంచుల దగ్గర రంగు కాలిపోతుంది. ఆ తర్వాత వ్యాక్స్ గానీ సీలెంట్ గానీ తప్పకుండా వేయండి, ఎందుకంటే క్లే, ద్రావకం కలిసి పాత వ్యాక్స్ అంతా ఎత్తుకుపోయి ఉంటాయి. సెరామిక్ కోటింగ్ చేయించిన కారైతే క్లే దాన్నీ దెబ్బతీస్తుంది, కోటింగ్ చేసినవాళ్లనే ముందు అడగండి. మ్యాట్ ఫినిష్ కార్లకి క్లే, పాలిష్ రెండూ వద్దు, అక్కడక్కడా మెరిసి మచ్చల్లా తయారవుతుంది.

అద్దాల సంగతి సులువు. సబ్బు నీళ్లతో బాగా తడిపి, కొత్త బ్లేడుని హోల్డర్‌లో పెట్టి, అద్దానికి దాదాపు ఆనించి ఏటవాలుగా పట్టుకుని ఒకే వైపు నెట్టండి, వెనక్కి లాగొద్దు. బయటి వైపు ఏదైనా ఫిల్మ్ అంటించి ఉంటే బ్లేడు మాట మరిచిపోండి. హెడ్‌లైట్లు అద్దం కాదు, పాలికార్బొనేట్ ప్లాస్టిక్, వాటి మీద టిన్నర్, అసిటోన్ పడితే సాలెగూడులా పగుళ్లొస్తాయి, షాంపూ నీళ్లు, క్లే మాత్రమే. రంగు వేయని నల్ల ప్లాస్టిక్ బంపరు అంచులకి క్లే కూడా ఉపయోగం లేదు, గరుకు సందుల్లో ఇరుక్కుపోతుంది, మెత్తటి టూత్ బ్రష్‌కి టర్పెంటైన్ కొంచెం అద్ది తోమి వెంటనే కడిగేస్తే చాలావరకు వస్తుంది, పూర్తిగా రాదు.

బావగారి డోరు మాత్రం జయపురంలో మళ్లీ రంగు వేయించాం, డబ్బు నేనే ఇచ్చాను, ఈసారి పీయూ అని గట్టిగా అడిగి వేయించాం. తెలుపులో కూడా ఇన్ని తెలుపులుంటాయని అప్పుడే తెలిసింది, మధ్యాహ్నం ఎండలో చూస్తే ఆ డోరు ఇప్పటికీ కొంచెం పాలమీగడ రంగులో కనిపిస్తుంది. నా కారుకి వైపర్ రబ్బరు మీద పడ్డ చుక్కలు ఏం చేసినా పోలేదు, వాన పడితే అద్దం మీద సన్నగా రెండు చారలు మిగిల్చేది. వైపర్లు రెండూ కొత్తవి కొనేశాను.